బట్ట కత్తెరతో కోసిన గాస్కెట్

బట్ట కత్తెరతో కాగితం కొయ్యకూడదు. కుట్టుపని జరిగే ఏ ఇంట్లో అడిగినా ఈ మాట చెబుతారు. కాగితం కోస్తే కత్తెర పదును పోతుంది. ఆ తర్వాత పల్చటి గుడ్డ మీద పెడితే కొయ్యదు, నములుతుంది. ఈ సంగతి పట్టించుకోకుండా మా ఆయన ఒకసారి వదిన కత్తెరతో పాలప్యాకెట్టు కోశాడు. ఆ రోజంతా వదిన తమ్ముడితో మాట్లాడలేదు, మర్నాడు కూడా అవసరానికి మించి మాట్లాడలేదు. అలాంటి మనిషి అదే కత్తెర చేతిలోకి తీసుకుని, మందపాటి గాస్కెట్ షీటుని కోసింది. నేను పక్కనే ఉన్నాను, ఆపలేదు. ఎందుకు ఆపలేదో చెప్పాలంటే ఆవిడ మా ఇంటికి వచ్చిన రోజు నుంచీ చెప్పుకురావాలి.

వదిన మా ఆయనకి అక్క. మా ఇంటికి మోటారుసైకిలు నడుపుకుంటూ వచ్చింది. వెనక సీటు మీద కుట్టుమిషను తలని దుప్పట్లో చుట్టి తాళ్ళతో కట్టింది. మెళ్ళో కొలతల టేపు వేలాడుతోంది, తియ్యడం మరిచిపోయినట్టుంది. బండి స్టాండు వేసి, తమ్ముడు గుమ్మంలో ఉన్నా అతన్ని అడగకుండా నా వైపు చూసి, "ముందు గది ఖాళీయేనా?" అంది. ఆ ఒక్క ప్రశ్నకే నేను సగం మెత్తబడ్డాను. మిగతా సగం మాత్రం బెంగ పెట్టుకుంది. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. పూర్తి మొగుడితోనే వేగలేకపోతుంటే మధ్యలో ఈ అర ఎందుకు అనుకున్నాను.

ఆవిడ వచ్చెయ్యడానికి కారణం వింటే కొందరికి నవ్వొస్తుంది, నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. వాళ్ళాయనని నేను అన్నయ్యగారు అని పిలిచేదాన్ని. వదిన స్నానానికో వంటకో లోపలికి వెళ్ళిన సమయం చూసి, బట్టలు కుట్టించుకోడానికి వచ్చినవాళ్ళకి ఆయన గేటు దగ్గరే అడ్డం నిలబడి, "మా ఇంట్లో ఇక కుట్టరమ్మా, మానేసింది" అని చెప్పి పంపించేసేవాడు. కొన్నాళ్ళపాటు అలాగే చెప్పాడు. వదిన మిషను తుడుచుకుని, నూనె వేసుకుని, ఎవరూ రావడం లేదేమిటా అని ఎదురుచూస్తూ కూర్చునేది. చివరికి కూరగాయల కొట్టు దగ్గర ఎవరో, "మానేశావటగా, మంచి చెయ్యి, పాపం" అంటే అసలు సంగతి తెలిసింది. ఇంటికి వెళ్ళి అడిగితే ఆయన నవ్వి, "నీ మంచికే చెప్పాను" అన్నాడట. కొట్టలేదు, తిట్టలేదు. అందుకే చుట్టాలందరూ తప్పు వదిన మీదే వేశారు. కొట్టకపోతే చాలు, మొగుడు మంచివాడే అని మనవాళ్ళ లెక్క.

ఆ బండి వదిన కుట్టిన బట్టల మీద వచ్చిన డబ్బుతో కొన్నది. కొన్నప్పటికే పాతది. నడిపేది మాత్రం ఆయనే, వదిన వెనక కూర్చునేది. ఆయన ఊళ్ళో లేనప్పుడు వెనక సందులో తోసుకెళ్ళి, పడి, లేచి, ఎవరికీ చెప్పకుండా నేర్చుకుంది. బయల్దేరిన రోజు ఆయన ఆపలేదు. గేటు పక్కన కుర్చీలో కూర్చుని, "తీసుకుపో. దాన్ని చేసే కంపెనీయే మూతపడింది. ఆగిన రోజున దాన్ని తోసుకుంటూ నువ్వే ఈ గుమ్మానికొస్తావు. నేనెక్కడికీ పోను, ఇక్కడే కూర్చుని ఉంటా" అన్నాడట.

ఈ మాట నాతో చెబుతున్నప్పుడు వదిన సూదిలో దారం ఎక్కిస్తోంది. ఒక్కసారికే ఎక్కించింది.

"ఆగదులే" అంది.

ఆ తర్వాత ముందు గది వదిన గది అయింది. కిటికీ కింద మిషను, మేకుకి వరసగా బ్రౌన్ పేపరు నమూనాలు, మూలన ముక్కల మూట. కొలతలు తీసుకుంటూ మనిషిని తిట్టగల టైలరుని నేను ఇంకెక్కడా చూడలేదు. "ఊపిరి బిగబట్టకండి, గుడ్డకి అబద్ధాలు తెలీవు" అనేది. తిట్టించుకున్నవాళ్ళే మళ్ళీ వచ్చేవాళ్ళు. కారణం ఒకటుంది. వదిన ఏది కోసినా లోపల కాస్త గుడ్డ వదిలి కోసేది. మనిషి ఒళ్ళు చేస్తే ఆ కుట్టు విప్పి, వదిలిన గుడ్డ లాగి, మళ్ళీ కుట్టి ఇచ్చేది. "శరీరం ఒకచోట ఉండదు, మనమే చోటు ఉంచాలి" అనేది. నేను హెమ్మింగు, కాజాలు, గుండీలు చూసుకునేదాన్ని. తెలియకుండానే ఆ గది నాది కూడా అయింది. బడి యూనిఫారాల పని దొరికాక వదిన బండి మీద ఊరి ఆ చివర గోడౌనుకి వెళ్ళి కోసిన ముక్కల మూటలు తెచ్చేది, కుట్టినవి పట్టుకెళ్ళేది. వీధిలో ఆవిడ పేరు బండి టైలరు.

బండి గురించి అబద్ధం చెప్పను. అది ఇంజనాయిలు ఉమ్మేది. కుడివైపు క్లచ్ కవరు దగ్గర తడి చేరి, బొట్టు కట్టి, ఆగిన చోటల్లా మచ్చ వదిలేది. మా గుమ్మం ముందు మచ్చని నేను పీచు పెట్టి తోమి తోమి విసిగిపోయాను. ఒకరోజు గోడౌను నుంచి వస్తుంటే బొట్లు కాస్తా ధార అయ్యాయి. వదిన ఇంజను ఆపేసి, సందు చివర మెకానిక్కు దగ్గరికి తోసుకెళ్ళింది.

ఆ మెకానిక్కుని అందరూ రేపటయ్య అంటారు. ఏ బండి తెచ్చినా ఆయన నోట మొదట వచ్చే మాట "రేపు రండి". ఆ రోజు ఎందుకో వెంటనే చెయ్యి పెట్టాడు. ఆయిలు దించి, స్క్రూలు తీసి, కవరు లాగితే లోపల గాస్కెట్ ముక్కలై సగం కవరుకి, సగం ఇంజనుకి అతుక్కుని వచ్చింది. గాస్కెట్ అంటే పెద్ద విశేషమేమీ కాదు, రెండు ఇనప అంచుల మధ్య ఆయిలు కారకుండా కూర్చునే కాగితంలాంటి పొర. వీధిలో సగం ఇళ్ళల్లో కుక్కరుకి ఉండే రబ్బరు చుట్టు చేసే పనే అదీ చేస్తుంది.

"ఇది దొరకదమ్మా. కంపెనీ పోయింది, పార్టులు పుట్టవు" అన్నాడు రేపటయ్య.

"చేసుకోలేమా?"

"చేసేవాళ్ళు. మా గురువు చేసేవాడు. షీటు తెచ్చి కోసేవాడు. నాకంత ఓపిక లేదు. దీన్ని ఇనప సామాన్లకి ఇచ్చెయ్యండి. రేపు రండి, మనిషిని పిలిపిస్తా."

వదిన వెళ్ళలేదు. కవరు పైపైన బిగించమని, ఆ ముక్కల్ని కాగితంలో పొట్లం కట్టించుకుని, బండిని ఇంటిదాకా తోసుకుంటూ వచ్చింది. పట్టపగలు, వీధి నిండా జనం. పక్కింటావిడ బాల్కనీలోంచి చూసింది, చెప్పుల కొట్టాయన కొట్టులోంచి బయటికి వచ్చి మరీ చూశాడు. మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు అన్నట్టు, బండి ఆగినందుకు కాదు గానీ ఆ చూపులకి వదిన చెవులు ఎర్రబడ్డాయి.

మర్నాడే వాళ్ళ బావగారు, అంటే అన్నయ్యగారి అన్న, మా గుమ్మంలో ఉన్నారు. మెత్తటి మనిషి, మెత్తటి మాట. ఆ మెత్తదనంతోనే ఆయన ఎన్ని పనులు సాధించుకున్నారో నాకు తెలుసు. వీధిలో ఆయన తెచ్చిన ట్రాలీ ఆటో ఆగి ఉంది.

"బండి ఆగిందట కదమ్మా" అన్నారు కూర్చుంటూ.

"నడవని బండే అయినా కబురు మాత్రం బాగా నడిచింది బావగారూ" అంది వదిన.

"తమ్ముడికి కోపమేం లేదు. తలుపు తీసే ఉందని చెప్పమన్నాడు. బండిని కూడా ఎక్కించుకుపోదామని ఆటో తెచ్చాను. నువ్వు తోసుకుంటూ రావడం ఏం బాగుంటుంది, నలుగురూ చూస్తారు."

"అంటే ఆయన గెలవాలి. నేను ఓడినట్టు మాత్రం బయటికి కనపడకూడదు. అంతేగా?"

"సంసారంలో గెలుపేంటి, ఓటమేంటి."

మా ఆయన గోడకి ఆనుకుని నేల చూస్తూ నిలబడ్డాడు. "బావ పిలుస్తున్నాడు కదక్కా" అన్నాడు మెల్లగా. నేను ఆయన్ని చూసిన చూపుకి పాలు విరిగిపోవాలి.

వదిన లేచి నిలబడింది. "ఆదివారం పొద్దున నేనే వస్తానని చెప్పండి. ఆ బండితోనే వస్తా. నడిస్తే ఎక్కి వస్తా. నడవకపోతే ఆయన అన్నట్టే తోసుకుంటూ వస్తా. తోసుకుంటూ వస్తే మళ్ళీ ఆ గేటు దాటి బయటికి రాను, మిషను కూడా ఇక్కడే వదిలేస్తా."

బావగారు ఆటోని ఖాళీగా తిప్పి పంపేసి, తృప్తిగా వెళ్ళారు. నేను వదిన వైపు తిరిగాను.

"ఆ చివరి మాట ఎవరడిగారు వదినా మిమ్మల్ని?"

"వచ్చేసింది."

"వచ్చేస్తే మింగెయ్యండి. ఇప్పుడే వెళ్ళి కాదని చెప్పొస్తా."

"వద్దు. గుడ్డయితే విప్పి కుడతా, మాట విప్పి కుట్టను" అంది. ఆవిడ పట్టిన కుందేటికి మూడే కాళ్ళు, నాకు తెలుసు. కానీ ఈసారి కుందేలు పోతే పొయ్యేది ఆవిడ బతుకే.

పంపులు బాగుచేసే కొట్టాయన దగ్గర గాస్కెట్ షీటు ఉంటుందని ఎవరో చెప్పారు. వెళితే, కొత్త రోలు ఇంకా రాలేదని ఒక మిగులు ముక్క ఇచ్చాడు. వదిన దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపింది, పొట్లంలో పాత గాస్కెట్ ముక్కనీ అలాగే నలిపింది. గుడ్డ మందం చూసే పద్ధతే అది. "సరిపోతుంది. తప్పితే రెండుసార్లు కొయ్యొచ్చు, మూడోసారికి ఉండదు" అంది.

వరండాలో గోనె పరిచి మొదలుపెట్టాం. అంచుల మీద అతుక్కున్న పాత పొరని బ్లేడుతో, ఇనుము గీసుకుపోకుండా, గోకడానికే చాలాసేపు పట్టింది. తర్వాత కవరు అంచుకి పాత ఆయిలు పల్చగా రాసి, తిరగేసి షీటు మీద నొక్కింది. ఎత్తితే అంచు మొత్తం నల్లటి గీతై దిగింది, స్క్రూ రంధ్రాలు తెల్లటి చుక్కలై మిగిలాయి. రేపటయ్య వాళ్ళ గురువు షీటుని ఇంజను మీదే పెట్టి సుత్తితో అంచు వెంట కొట్టి కోసేవాడట. వదిన ఒప్పుకోలేదు. అంచు సొట్టపోతే ఏ గాస్కెటూ ఆపదని ఆవిడ వాదన. రంధ్రాలకి మాత్రం సుత్తి వాడింది. మిషను కింది చక్రంలోంచి ఎప్పుడో తీసిపడేసిన బేరింగు గుండ్లు డబ్బాలో ఉన్నాయి. షీటుని కవరు మీద పరిచి, స్క్రూ రంధ్రం మీద గుండు పెట్టి, పైన మెల్లగా ఒక దెబ్బ వేస్తే రంధ్రం గుండ్రంగా తెగి ఊడిపడేది. ఆ పని నాకిచ్చింది. పగలంతా కాజాలు కుట్టే చేతికి అదొక ఆటగా ఉంది.

మిగతా అంచుని వదిన కాగితాల కత్తెరతో కోసింది. పాతది, మొండిది. ఆయిలు పోసి, కవరు బిగించి, కిక్కు కొడితే బండి అందుకుంది. కింద తడి లేదు. వదిన నవ్వుతూ వీధి చివరిదాకా వెళ్ళింది. తిరిగి వచ్చేటప్పుడు ఇంజనులో ఏదో బరబరమంది. గుమ్మం ముందుకి వచ్చేసరికి బొట్టు, బొట్టు వెనక ధార.

విప్పి చూస్తే లోపల అంతా కాగితం పీచు. కొత్త గాస్కెట్ లోపలి అంచు క్లచ్ పళ్ళకి తగిలి, చిరిగి, చిరుగు కాస్తా పాకి స్క్రూలదాకా వచ్చింది. వదిన ఆ తడి ముక్కని వేళ్ళతో సాపు చేసి, పాత నల్లటి గీత కోసం వెతికింది. తను కోసింది ఆ గీత మీద కాదు. గీతకి లోపల, చుట్టూ సమానంగా, వేలు వెడల్పు వదిలి కోసింది. చెయ్యి దానంతటదే ఆ పని చేసింది.

"లోపల వదిలాను" అంది వదిన. నమ్మలేనట్టు నన్ను చూసింది.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "మనుషులు ఒళ్ళు చేస్తారు వదినా. ఇంజను ఒళ్ళు చెయ్యదు."

అప్పుడే మా ఆయన లోపలికి వచ్చి ఆ పీచు చూశాడు. "ఎందుకక్కా ఈ పంతం. ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారని నీ గురించే అన్నారు. బావేమన్నా రాక్షసుడా? వెళితే తప్పేముంది, ఇంట్లో కూర్చుని తినమంటున్నాడు" అన్నాడు.

వదిన చేతులు తుడుచుకుంది. తమ్ముడి మాట కాబట్టి ఊరుకుంది, నాకు ఆ మొహమాటం లేదు.

"నువ్వు రేపట్నుంచి పనికెళ్ళొద్దు. నీ షాపుకి నేనే వెళ్ళి ఇక రాడు, మానేశాడని చెప్పొస్తా. ఇంట్లో కూర్చుని తిను. నీ మంచికే" అన్నాను.

మా ఆయన ఏమనుకున్నాడో, చొక్కా చేతులు మడిచి, కిరోసిను డబ్బా తెచ్చి, ఇంజనులో పీచు కడగడానికి కూర్చున్నాడు. అంతకంటే మంచి క్షమాపణ ఆయన నోటి నుంచి నేను ఎప్పుడూ వినలేదు.

మిగిలిన ముక్క ఒక్క గాస్కెట్టుకే చాలుతుంది. మళ్ళీ అచ్చు తీశాం. ఈసారి అచ్చు ఇంకా సన్నగా, శుభ్రంగా దిగింది. ఆయిలు పొయ్యే చిన్న రంధ్రాన్ని వదిన సుద్దతో గుర్తు పెట్టుకుంది. అది మూసుకుపోతే ఇంజనే బిగుసుకుపోయి ఆగిపోతుందట. నేను గుండ్లతో రంధ్రాలు తీశాను. వదిన కాగితాల కత్తెర పట్టుకుని, ఒక మూల కోసి చూసి, ఆగింది. ఆ మొండి కత్తెర గీత మీద నిలవడం లేదు, అంచుని కొరుకుతోంది. గీతకి ఈ పక్కకి జరిగితే లోపల మిగులుతుంది, ఆ పక్కకి జరిగితే ఆయిలు కారుతుంది.

వదిన లేచి ముందు గదిలోకి వెళ్ళి పెద్ద కత్తెర తెచ్చింది. ఆవిడ కుట్టు నేర్చుకున్నప్పుడు మొదటి సంపాదనతో కొనుక్కున్న కత్తెర అది. పిడి దగ్గర వేళ్ళు ఆనే చోట అరిగి మెరుస్తుంది. పట్టు, షిఫాను తప్ప మోటు గుడ్డ కూడా దానితో కోసేది కాదు. నా నోటిదాకా వచ్చింది, వద్దు వదినా అని. ఆవిడ ముఖం చూసి మింగేశాను. కత్తెర పోతే కత్తెర వస్తుంది. ఆవిడ ఆ గేటు లోపలికి తోసుకుంటూ వెళితే ఇంక ఏ కత్తెరతోనూ పనుండదు.

గీత మీదే కోసింది. ఊపిరి బిగబట్టి మరీ కోసింది, అందరినీ తిట్టే మనిషి. మెలికల దగ్గర కత్తెరని తిప్పకుండా కాగితాన్ని తిప్పింది. ముక్క ఊడి ఆవిడ ఒళ్ళో పడేసరికి మా ఆయన కూడా దగ్గరికి జరిగాడు. దాన్ని కవరు మీద పెడితే లోపలా బయటా ఎక్కడా వెంట్రుకంత కూడా మిగల్లేదు.

ఒక పక్క గ్రీజు రాసింది, ఈసారి విప్పినా చిరగకుండా. స్క్రూలని వరసగా కాకుండా ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించింది. చొక్కాకి చెయ్యి తగిలించేటప్పుడు పైన ఒక పిన్ను, కింద ఒక పిన్ను, తర్వాత పక్కలు, అలాగే పెడుతుంది. ఒకవైపే లాగితే గుడ్డ జరుగుతుంది, ఇదీ జరుగుతుందట. ఆయిలు పోసి కిక్కు కొట్టి వీధి చివరిదాకా, ఆ పైన గోడౌను దాకా వెళ్ళి వచ్చింది. వరండాలో కింద కాగితం పరిచి, బండిని దాని మీద నిలబెట్టి భోజనాలు చేశాం. భోజనాలయ్యాక ముగ్గురం వంగి చూశాం. కాగితం తెల్లగానే ఉంది.

వదిన అప్పటికీ పడుకోలేదు. కవరు ఆకారాన్ని బ్రౌన్ పేపరు మీద గీసి, కోసి, పిల్లల కాలర్ల నమూనాల పక్కన మేకుకి తగిలించింది. దాని మీద సుద్దతో ఒక్క మాట రాసింది: వదలొద్దు.

ఆదివారం పొద్దున నేను వెనక ఎక్కాను. రావద్దంది, వినలేదు. దారిలో ఇంజను చప్పుడు కాస్త మారినా వంగి కింద తడి ఉందేమో చూసుకునేదాన్ని.

అన్నయ్యగారు చెప్పినట్టే గేటు పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పక్కన వాళ్ళన్న. ఎదురింటివాళ్ళు పనేమీ లేకపోయినా బయటే ఉన్నారు. లోపల సిమెంటు నేల మీద, ఒకప్పుడు బండి నిలబెట్టే చోట, పాత ఆయిలు మచ్చ ఇంకా పోలేదు. వదిన గేటులోంచి నేరుగా అక్కడికే పోనిచ్చి, స్టాండు వేసి, సంచిలోంచి తెల్లటి లైనింగు గుడ్డ తీసి, మచ్చ మీద, ఇంజను కింద పరిచింది. తర్వాత మెట్టు మీద కూర్చుంది. గుమ్మం దాటలేదు.

వాళ్ళ అత్తగారు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చారు. పెద్దావిడ మా ఇద్దరి ముఖాలూ చూసి లోపలికి వెళ్ళిపోయారు.

"ఎవరు బాగుచేశారు?" అన్నాడు అన్నయ్యగారు.

"నేనే."

"దొరికిందా ఆ పార్టు?"

"దొరకలేదు. కోశాను."

ఆయన నవ్వాడు. కస్టమర్లని పంపేసినప్పుడు నవ్విన నవ్వు అదే అయి ఉంటుంది. "కాగితం ముక్కా? ఎన్నాళ్ళుంటుందది?"

వదిన తొందరపడలేదు. నీళ్ళు తాగింది. చెంబు కింద పెట్టింది. లేచి వెళ్ళి బండి కిందనుంచి గుడ్డ లాగి, రెండు చేతులతో పట్టుకుని దులిపింది. ఎదురింటివాళ్ళకి కూడా కనిపించి ఉంటుంది. ఒక్క చుక్క లేదు. దాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో పెట్టుకుంది.

"ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళు. పోతే ఇంకోటి కోసుకుంటా. కొలత నా దగ్గరే ఉంది."

ఆయన వాళ్ళన్న వైపు చూశాడు. వాళ్ళన్న గేటు వైపు చూస్తున్నారు. నాకు ఆ క్షణంలో చెప్పలేనంత ఆనందం కలిగింది, దాచుకోను. ఇన్నాళ్ళూ ఆ కుర్చీలో కూర్చుని ఆయన ఎదురుచూసింది బండి ఆగడం కోసం. ఇక అది ఆగినా ఆయనకి ఒరిగేదేమీ లేదు.

మేం బండి ఎక్కుతుంటే పెద్దావిడ మళ్ళీ బయటికి వచ్చారు. ఈసారి చేతిలో చిన్న పాతగుడ్డ మూట ఉంది. కొడుకు కుర్చీ పక్కనుంచే నడిచి వచ్చి మూట విప్పారు. లోపల జాకెట్టు ముక్కలు, కోసినవి, కుట్టనివి.

"నువ్వు వెళ్ళే ముందు నాకోసం కోసి పెట్టావు. ఒక్క ముక్క పోకుండా దాచాను" అన్నారు. గొంతు తగ్గించి, "ఈ మధ్య కాస్త ఒళ్ళు చేశానే. పడుతుందో లేదో" అన్నారు.

వదిన ఒక ముక్క తీసి అంచుని వేళ్ళ మధ్య పెట్టి చూసింది. ఆవిడ కళ్ళు తడవడం అన్ని రోజుల్లో అప్పుడే చూశాను.

"పడుతుంది అత్తయ్యా. మీది కదా, లోపల వదిలే కోశాను."

"అమ్మా, లోపలికెళ్ళు" అన్నాడు అన్నయ్యగారు. ఆవిడ విననట్టే నిలబడ్డారు.

"తీసుకోడానికి ఎక్కడికి రావాలి?"

వదిన మూటని సంచిలో పెట్టి నాకిచ్చింది. ఇందాకటి కంటే గొంతు పెంచింది, ఎదురింటిదాకా వినపడేలా. "మంగళవారం రండి. మా మరదలింట్లో ముందు గది. ఈ గేటు దగ్గరికొచ్చి ఎవరన్నా అడిగితే చెప్పండి అత్తయ్యా, కుట్టడం మానలేదని."

బండి మొదటి కిక్కుకి అందుకోలేదు, రెండోదానికీ అందుకోలేదు. అందరూ చూస్తున్నారు. వదిన పెడలు మీదనుంచి కాలు తీసి, సీటు మీద సర్దుకుని, మా గుమ్మం ముందు కొట్టినంత నిమ్మదిగా మళ్ళీ కొట్టింది. బండి అందుకుంది.